కురచ కాగితం

జబ్బు తిరగబెట్టిన మనిషి ఈల వేస్తాడా?

వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టిన ఆవిడ చెవులు రిక్కించింది. ముందుగదే వాళ్ల బైండింగ్ దుకాణం. అక్కడ భర్త రిజిస్టర్ల వీపులకు జిగురు పూస్తూ నిక్షేపంగా ఈల వేస్తున్నాడు. పైగా రాగం కూడా తప్పడం లేదు. పద్నాలుగు రోజుల కిందట ఇదే మనిషి, అదే బల్ల దగ్గర కూతురినీ అల్లుడినీ కూర్చోబెట్టి, "జబ్బు మళ్లీ తలెత్తిందర్రా, ఇక కిడ్నీ ఆపరేషన్ మాట మర్చిపోండి" అని కాగితం చూపించాడు. ఆ రోజు కూతురు ఏడ్చిన ఏడుపుకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆవిడా ఏడ్చింది. ఇప్పుడా ఈల వింటుంటే ఏడ్చిన ఏడుపంతా వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆవిడది పుట్టుకతో వచ్చిన అనుమానం. కూరగాయలు తూచేటప్పుడు తక్కెడ కిందికి వంగి చూసే రకం. ఇంటికి ఎవరైనా పెళ్లి శుభలేఖ తెస్తే, ముందు మన పేరు వేరే పేరు కొట్టేసి రాశారా అని చూస్తుంది. పెళ్లైన కొత్తలోనే భర్త 'డిటెక్టివ్‌గారు' అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధంతా పాకింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, కాస్త గొప్పగానే ఉండేది.

భర్తని అందరూ మేస్త్రీ అంటారు. నాలుగేళ్ల కిందట ఆయనకి నడుంనొప్పి మొదలైంది. ప్రెస్సు తిప్పి తిప్పి పట్టేసిందనుకున్నారు. తీరా పరీక్షలు చేస్తే మల్టిపుల్ మైలోమా, ఎముకల మజ్జలో పుట్టే రక్తం క్యాన్సరు అన్నారు. ఆ జబ్బు రక్తంలోకి వదిలే పనికిమాలిన ప్రొటీన్లు పేరుకుని రెండు కిడ్నీలనూ పూడ్చేశాయి. మందులు, మూలకణాల చికిత్స, జుట్టు రాలడం, మళ్లీ మొలవడం, అన్నీ అయ్యాయి. జబ్బు అణిగింది గానీ కిడ్నీలు తిరిగి లేవలేదు. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు డయాలసిస్. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగడానికి లేదు, గీతలు పెట్టిన సీసాలోంచి కొలిచి గుటక వెయ్యాలి. రెండేళ్లు జబ్బు కదలకుండా పడి ఉంటే కొత్త కిడ్నీ పెట్టే సంగతి చూద్దామంది డాక్టరమ్మ. ఆ రెండేళ్లూ ఈ ఇల్లు ఊపిరి బిగబట్టుకుని బతికింది. ఆవిడకి షుగరు ఉంది కాబట్టి ఆవిడ కిడ్నీ పనికిరాదన్నారు. కూతురిది సరిపోయింది. ఇక చివరి రక్తపరీక్ష ఒక్కటే ఉందనగా ఇలా అయింది.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది.

"ఏమండీ, కొత్త మందు ఎప్పుడు మొదలుపెడతారట?"

ఈల ఆగింది. "ముందు కొన్నాళ్లు చూస్తారట."

"ఏం చూస్తారు? క్రితంసారి రెండో రోజుకల్లా ఆస్పత్రిలో పడుకోబెట్టారుగా."

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు."

"అదే, ఏం వేరంటున్నాను."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు, డిటెక్టివ్‌ని. మీరు పెట్టిన పేరేగా."

మేస్త్రీ కుంచె జిగురు డబ్బాలో ముంచాడు, తీశాడు, మళ్లీ ముంచాడు. "పాలు పొంగుతున్నాయేమో చూసుకో."

"పొయ్యి కట్టేసే వచ్చాను."

ఆయన ఇంకో రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగింది గానీ, లోపల లెక్కలు మొదలయ్యాయి. నాలుగేళ్లలో డాక్టరమ్మ దగ్గరికి ఆయన ఆవిడ లేకుండా వెళ్లింది ఒక్కసారే. ఆ చివరి పరీక్ష కాగితం తెచ్చుకున్న రోజు. ఆ రోజు బడికి ఇవ్వాల్సిన హాజరు పుస్తకాల మూట ఆవిడ నెత్తిన పెట్టి, "ఇవాళే కావాలట, నువ్వే పట్టుకెళ్లు" అని పంపేశాడు. తీరా వెళ్తే హెడ్మాస్టరు, "వచ్చే వారం ఇచ్చినా సరిపోయేదమ్మా" అన్నాడు. అప్పుడు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. అలా వదిలేసినందుకు ఇప్పుడు తనని తనే తిట్టుకుంది.

ఇంకొకటి కూడా ఉంది. అంతకుముందు వారం అల్లుడు రెండు మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చాడు. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి ధైర్యం చెప్పడానికి తప్ప నోరు విప్పడని ఇంట్లో అందరూ ఏడిపిస్తారు. అలాంటివాడు మామగారితో గంటసేపు గుసగుసలాడాడు. ఆవిడ టీ తీసుకెళ్లగానే ఇద్దరి నోళ్లకీ తాళం పడింది. రెండోసారీ అంతే జరిగింది.

ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. పెళ్లాం ఒంటి మీద కత్తి పడడం అల్లుడికి ఇష్టం లేదు. పైకి అనలేక మామగారికి ఏదో మెలిక పెట్టాడు. మామగారు మెత్తటివాడు, తలూపేశాడు.

ఆ ఉదయం డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి వచ్చింది అల్లుడే. మేస్త్రీ చొక్కా మార్చుకుంటున్నంతలో ఆవిడ వీధిలోకి వెళ్లి, అల్లుడి వ్యాను తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అల్లుడుగారూ, ఒక్క మాట."

"చెప్పండత్తయ్యా."

"ఆ వారం రెండుసార్లు వచ్చారు కదా, మామా అల్లుళ్లు ఏం మాట్లాడుకున్నారు?"

"మామూలే అత్తయ్యా. అవీ ఇవీ."

"అవీ ఇవీ మాట్లాడుకునేవాళ్లు నేను రాగానే నీళ్లెందుకు నమిలారు?"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవుల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "మామయ్యనే అడగండత్తయ్యా."

"ఆయన్నడిగితే పాలు పొంగుతున్నాయంటాడు."

"అది నేను చెప్పకూడనిది. ఒట్టు వేశాను." అనేసి నాలిక కరుచుకున్నాడు. అంతలో మేస్త్రీ వచ్చి ఎక్కాడు. వ్యాను కదిలింది.

ఒట్టు! ఆవిడ వీధి మధ్యలోనే నిలబడిపోయింది. తనకి తెలియకుండా తన ఇంట్లో ఒట్లు పెట్టుకునేదాకా వచ్చిందన్నమాట వ్యవహారం.

లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. అలమర పైఅరలోంచి జబ్బు పుస్తకాలు దించింది. ఆ పేరు కూడా మేస్త్రీ పెట్టిందే. ఆస్పత్రి ఇచ్చిన ప్రతి కాగితాన్నీ ఆయన పారేయకుండా, నంబరింగ్ మిషన్‌తో పైమూల అంకె కొట్టి, ఏడాదికొక పుస్తకంగా కుట్టి, నల్లగుడ్డ అట్ట వేసేవాడు. నాలుగేళ్లకి నాలుగు పుస్తకాలు. డయాలసిస్ నర్సు వాటిని చూసి, "మా ఆఫీసు ఫైళ్లు కూడా మీకే ఇచ్చేస్తాం మేస్త్రీగారూ" అని నవ్వేది.

ఆవిడకి ఆ కాగితాల్లో అంకెలు తెలియవు, డాక్టర్ల మాటలు తెలియవు. కానీ కాగితం తెలుసు. ఇరవై ఏడేళ్లుగా ఆయన కుడుతుంటే పక్కన కూర్చుని కాగితాలు తట్టి, అంచులు కలిపి అందించిన చేతులవి. నాలుగో పుస్తకం తీసి, చివరి కాగితం, ఆ రోజు అందరికీ చూపించిన కాగితం, మిగతా వాటితో కలిపి పట్టుకుని పైఅంచు మీద బొటనవేలు పోనిచ్చింది.

వేలు కిందికి జారింది.

మళ్లీ చూసింది. ఆ ఒక్క కాగితం మిగిలినవాటికంటే పైన వేలెడు కురచగా ఉంది. మందుల దెబ్బకి వేళ్లు మొద్దుబారి చొక్కా గుండీ పెట్టుకోలేని రోజుల్లో కూడా మేస్త్రీ చేతి నుంచి కురచ కాగితం వెళ్లలేదు. ఎవరైనా తెచ్చిస్తే పుస్తకమే విప్పేసేవాడు. అలాంటి మనిషి తన పుస్తకంలోనే ఇలా పెట్టుకున్నాడంటే చెయ్యి తప్పి కాదు, కావాలనే. పైన ఏముంటుంది? ఆస్పత్రి పేరు, తేదీ, మూలన ఆయన కొట్టే అంకె. ఈ కాగితానికి మూడూ లేవు. ఏడుపు కళ్లతో ఆ రోజు తేదీ ఎవరు చూశారు?

మొదటి పుస్తకం తెరిచింది. ఒక్కో అంకే పైకి చదువుతూ తిప్పింది. ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై ఐదు. ఇరవై నాలుగు ఉండాల్సిన చోట కుట్టు దారం వదులుగా వేలాడుతోంది.

అంటే, నాలుగేళ్ల కిందటి కాగితం తల తీసేసి, మొన్నటిదని చూపించాడు.

ఆవిడ కాగితపు కట్ట మీద కూలబడింది. అయితే జబ్బు తిరగబెట్టలేదా? మనిషి బాగానే ఉన్నాడా? గుండెలోంచి తన్నుకొచ్చిన సంతోషానికి చేతులు జోడించబోయింది. జోడించకముందే కోపం ముంచుకొచ్చింది. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది, ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు, పడుకుని ఉన్నప్పుడే పని కానిచ్చుకోవాలి, మళ్లీ లేచిందంటే ఈ అవకాశం ఉండదని! దొరక్క దొరక్క దొరికిన ఆ రోజుల్ని ఈ మనిషి అబద్ధం చెప్పి పారబోసుకుంటున్నాడు. ఎవరి మాట విని?

మర్నాడు కూతురికి సెలవు. సిటీ బస్సు నడుపుతుంది ఆ పిల్ల. చిన్నప్పటి నుంచీ ఉరుకులూ పరుగులే కాబట్టి తండ్రి 'పిడుగు' అంటాడు. మొగుడూ పెళ్లాలిద్దరినీ తొమ్మిదింటికల్లా రమ్మని ఆవిడ ఫోన్ చేసింది. వచ్చారు. కూతురు రెండు వారాల్లో సగమైపోయింది. కళ్ల కింద నల్లగా కమిలి ఉంది.

ఆవిడ బల్ల మీది రిజిస్టర్లు పక్కకి నెట్టి రెండు పుస్తకాలూ పెట్టింది.

"మేస్త్రీగారూ, ఈ కాగితం ఎందుకు కురచగా ఉందో మీ అమ్మాయికి చెప్పండి."

మేస్త్రీ మొహం పాలిపోయింది. "ఏదో, కోతలో తేడా వచ్చింది."

"మీ కోతలో తేడా వచ్చిందా? ఇరవై ఏడేళ్లలో లేనిది? ఇరవై నాలుగో కాగితం ఎటు పోయింది మరి?"

"అమ్మా, ఏంటిది పొద్దున్నే?" అంది కూతురు.

"మీ నాన్నకి జబ్బు తిరగబెట్టలేదే. పాత కాగితం చూపించి మనల్ని ఏడిపించాడు. చేసింది ఆయనే గానీ, చేయించింది ఎవరో నాకు తెలుసు." అల్లుడి వైపు తిరిగింది. "మీకిష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది బాబూ. మీ భార్య, మీకు బాధ ఉంటుంది, నేను కాదనను. కానీ ఆయన చేత ఇంత అబద్ధం ఆడిస్తారా?"

కూతురు మొగుడి వైపు చూసిన చూపుకి ఆ అబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అతన్ని ఏమీ అనకండి," అన్నాడు మేస్త్రీ. "అతనికి ఈ సంగతే తెలియదు. మీతో పాటే అతనూ ఏడ్చాడు."

మేస్త్రీ బల్ల సొరుగులోంచి కత్తి తీశాడు. నాలుగో పుస్తకం వెనక అట్టకి లోపల అంటించిన కాగితాన్ని ఒక పక్కన చీరి, మడత పెట్టిన రిపోర్టు బయటికి లాగాడు. దానికి తేదీ ఉంది. అంకెల పక్కన తేడా చూపే బాణం గుర్తు ఒక్కటి కూడా లేదు.

"బాగుందన్నారు," అన్నాడు తలెత్తకుండా. "రెండేళ్లుగా జాడ లేదట. ఇంట్లో కొంచెం ఇబ్బందుంది, కొన్నాళ్లు ఆగుతామని చెప్పొచ్చాను. చింపేద్దామనుకున్నాను. ఇంత మంచి కాగితం చింపడానికి చెయ్యి రాలేదు."

కూతురు ఆ కాగితం అందుకుంది. ఒకసారి చదివింది, రెండోసారి చదివింది. ఏడవలేదు.

"ఎందుకు నాన్నా?"

మేస్త్రీ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేల వైపు చూశాడు.

"నీకు ఒట్టేసి కూడా నేనే చెప్పేశాను," అన్నాడు అల్లుడు మెల్లిగా, భార్యతో. "ఆపరేషన్ తర్వాత పిల్లల కోసం ఏడాది ఆగమన్నారని మాటవరసకి అన్నాను. మామయ్య గుచ్చి గుచ్చి అడిగారు. మొన్న మార్చిలో మనకి పోయిన సంగతి నోరు జారింది. రెండోసారి వచ్చింది, అత్తయ్యకి చెప్పొద్దని బతిమాలుకోవడానికి."

ఆవిడ కూతురి మొహంలోకి చూసింది.

"కడుపు పోయిందా? మార్చిలోనా? నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆపరేషన్ వద్దంటావని."

"అంటాను!"

"అందుకే చెప్పలేదు."

కూరగాయల తక్కెడ కిందికి వంగి చూసిన డిటెక్టివ్‌గారి కళ్లకి, కన్నకూతురు నాలుగు నెలలుగా నవ్వుతూ దాచుకున్నది కనపడలేదు. ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఒక బిడ్డని పోగొట్టుకున్నదానివి," అన్నాడు మేస్త్రీ. "నా కోసం ఇంకో ఏడాది ఆగుతావా? తర్వాత ఏదన్నా తేడా వస్తే నేనేం మొహం పెట్టుకుని బతకను? పోనీ నాకు పెట్టాక గ్యారంటీ ఉందా? రేపో, ఐదేళ్లకో జబ్బు లేస్తే అదీ పోతుంది. నీ ఒంట్లో శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని తెచ్చి నా ఒంట్లో పాడుచేయనా?"

"ఆ మాట నాతో అనొచ్చుగా!" కూతురి గొంతు ఒక్కసారిగా లేచింది. "వద్దు, నాకు భయంగా ఉందని నా మొహం మీద చెప్పొచ్చుగా! చచ్చిపోతున్నానని చెప్తావా? పద్నాలుగు రోజులు నాన్నా! బస్సు నడుపుతూ, స్టాపు స్టాపుకీ నువ్వు లేని ఈ గది ఎలా ఉంటుందో చూసుకుంటూ నడిపాను. మొన్న ఒక స్టాపులో ఆపడమే మర్చిపోయాను. ఒక ముసలాయన దిగాలని అరుస్తుంటే, నీ గొంతే అనుకుని బస్సు పక్కకి తీసి ఏడ్చాను."

దగ్గరికి రాబోయిన తండ్రిని చేత్తో ఆపింది.

"నా కిడ్నీ నాది. ఇవ్వాలో మానాలో నేను చెప్పాలి. నాకు పిల్లలెప్పుడో నేనూ ఈయనా చూసుకుంటాం. ఏడాదే పనిచేస్తుందనుకుందాం. ఏడాది పాటు నువ్వు దాహమేస్తే గ్లాసెత్తి నీళ్లు తాగితే, నాకు చాలు."

"తప్పే," అన్నాడు మేస్త్రీ. "తప్పే తల్లీ. నాకు అడగడం రాలేదు. నువ్వు ఇస్తానన్నావు, మీ అమ్మ సరేనంది, డాక్టరమ్మ తేదీలు చూసింది. వెళ్లి పడుకోవడమే నా పని. నాకు కావాలా అని ఎవరూ అడగలేదు, ఇస్తావా అని నేనూ నిన్ను అడగలేదు."

"కావాలా నీకు?"

ఆయన జిగురు అంటిన వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"కావాలి," అన్నాడు చివరికి. "బతకాలనుంది పిడుగూ. నీ కష్టం తెలిసి కూడా కావాలనిపించింది. అది చూసుకునే నాకు భయమేసింది."

"అయితే అడుగు."

భార్య ఎదుట, అల్లుడి ఎదుట, యాభై ఆరేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా కూతురి వైపు చూశాడు. "నీ కిడ్నీ నాకిస్తావా అమ్మా?"

"ఆలోచించి రేపు చెప్తాను," అంది కూతురు.

అందరూ తెల్లబోయారు.

"పద్నాలుగు రోజులు నన్నేడిపించావు. ఒక్క రోజు నువ్వుండు. రేపు నలుగురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. నీ భయం నువ్వడుగు, నా పిల్లల సంగతి నేనడుగుతాను. అన్నీ విన్నాక చెప్తాను."

మేస్త్రీకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కూతురు వచ్చి ఆయన తల తన పొట్టకి ఆనించుకుంది. ఆవిడ మాత్రం అల్లుడి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అల్లుడుగారూ, నేను మిమ్మల్ని నోటికొచ్చినట్టు..."

"ఫరవాలేదత్తయ్యా. లిఫ్టు ఆగితే అందరూ ముందు మెకానిక్‌నే తిడతారు."

మర్నాడు డాక్టరమ్మ గంటసేపు ఓపికగా చెప్పింది. ఈ జబ్బులో మాట ఇవ్వడం ఎవరి తరమూ కాదంది. కానీ ఇంత నిలకడగా ఉన్న రోజులు మళ్లీ వస్తాయని కూడా చెప్పలేనంది. కూతురికి, కొంతకాలం ఆగాక పిల్లల్ని కనొచ్చు, బీపీ మీద మాత్రం మామూలుకంటే ఎక్కువ కన్నేసి ఉంచాలంది. తర్వాత, ఇచ్చేవాళ్లతో ఒంటరిగా మాట్లాడడం ఇక్కడి పద్ధతి అని చెప్పి మిగిలిన ముగ్గురినీ బయటికి పంపేసింది. ఇష్టం లేదని ఆ పిల్ల లోపల ఒక్క మాటంటే చాలట, కారణం బయటికి చెప్పకుండానే ఆపేస్తారట.

తలుపు మూసుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయి. మేస్త్రీ బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఈపాటికి ఆ తలుపుకి చెవి ఆనించేది. ఇవాళ లేవలేదు. లోపల ఆ పిల్ల ఏమన్నా సరే, అది ఆ పిల్ల మాట. అవునన్నా, కాదన్నా, బయటికి రాగానే గట్టిగా పట్టుకుని, మార్చిలో పట్టుకోవాల్సిన బాకీ తీర్చుకోవాలనుకుంది.

తలుపు తెరుచుకుంది. కూతురు తిన్నగా తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"ఇస్తున్నాను నాన్నా. నువ్వు అడిగావు కాబట్టి ఇస్తున్నాను." ఆయన పక్కన కూర్చుంది. "అడక్కపోయినా ఇచ్చేదాన్ననుకో, అది వేరే సంగతి."

అంతమంది అటూ ఇటూ తిరుగుతున్న ఆ వరండాలో మేస్త్రీ కూతురి చేతులు కళ్లకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ లేచి వెళ్లి ఇద్దరినీ కలిపి పట్టుకుంది. ఎవరినీ ఏమీ అడగలేదు.